చదువు మాన్పించాలా, మేడం?

ఉత్తరం:

మేడం గారికి నమస్కారం. మాది పొదిలి దగ్గర పల్లె. ఎస్సీలం. మా ఆయన పొలం కౌలుకి తీసుకుని పొగాకు వేస్తాడు. పెద్దమ్మాయి నెల్లూరులో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం, ప్రైవేటు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సంక్రాంతికి వచ్చిన పిల్ల మళ్లీ పోనంటోంది. తలనొప్పి అంటుంది, అన్నం సరిగా తినదు, ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది. నాకు చెప్పలేదు గానీ మా చెల్లెలికి ఫోను చూపించింది. ప్రాజెక్టు గైడ్ సారు రాత్రి పదకొండింటికి, పన్నెండింటికి మెసేజ్‌లు పెడుతున్నాడు. డీపీ బాగుందని మొదలుపెట్టి, ఆదివారం ఒక్కదానివే ల్యాబ్‌కి రా అనేదాకా వచ్చాడు. పిల్ల పోలేదు. ఇంటర్నల్ మార్కులు నా చేతిలోనే ఉన్నాయి గుర్తుంచుకో అని పెట్టాడు. ఒకరోజు ల్యాబ్‌లో ‘మీ వాళ్లకి సీటు ఊరికే వస్తుంది, పాస్ ఊరికే రాదు’ అని కూడా అన్నాడంట. ఇంటికి వచ్చాక కూడా జనవరి నెలాఖరులో ‘ఎందుకు రావట్లేదు, అటెండెన్స్ సంగతి తెలుసా’ అని మెసేజ్ వచ్చింది.

మా ఆయన పరువు పోతుంది, చదివింది చాలు, సంబంధం చూద్దాం అంటున్నాడు. మా అబ్బాయి పోయి వాణ్ణి తన్నొస్తానంటున్నాడు. కాలేజీలో చెబుదామంటే సారోళ్లంతా ఒకటే కదా. పోలీసుల దగ్గరికి పోతే పిల్ల పేరు ఊరంతా పాకుతుంది. చదువు మాన్పించాలా? అమ్మాయికి తెలియకుండా రాస్తున్నాను.

ఒక తల్లి, పొదిలి ప్రాంతం

జవాబు:

అమ్మా,

మాన్పించకండి. మీరు చివర్లో అడిగినదానికి ముందుగా జవాబు చెబుతున్నాను. ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పుడు అందరికీ తేలిగ్గా కనిపిస్తున్న దారి అదొక్కటే. మాన్పిస్తే ఏమవుతుంది? ఆ సారు రేపు కూడా అదే ల్యాబ్‌లో అదే కుర్చీలో కూర్చుంటాడు, జీతం తీసుకుంటాడు. మీ అమ్మాయికి ఇంకొన్ని నెలల్లో చేతికి రావలసిన పీజీ పోతుంది. వచ్చే ఏడు ఆ గైడ్ కిందకి ఇంకెవరి పిల్లో వెళ్తుంది.

అమ్మాయికి తెలియకుండా రాశానన్నారు. ఈ జవాబు మాత్రం ఆమెకు చూపించండి. మీ అమ్మాయి మేజర్. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా, ఎక్కడ ఇవ్వాలి అని తేల్చుకోవాల్సింది ఆమె, సంతకం పెట్టాల్సిందీ ఆమె. బాగా కుంగిపోయి రాయలేని స్థితిలో ఉంటే బంధువులో స్నేహితులో తోటి విద్యార్థులో ఆమె తరఫున ఇవ్వొచ్చని నిబంధనల్లో ఉంది. కానీ మీ అమ్మాయి అంత దాకా రాలేదనిపిస్తోంది. పిన్నికి ఫోను చూపించిందంటే సాయం కోసం వెతుక్కుంటోందని అర్థం. మీకు చెప్పలేదని మనసులో పెట్టుకోకండి. తల్లికి చెబితే తండ్రికి తెలుస్తుంది, తండ్రికి తెలిస్తే చదువు ఆగిపోతుంది అని లెక్క వేసుకుని ఉంటుంది. ఆ లెక్క తప్పని ఎలా అంటాం? మీ ఇంట్లో జరుగుతున్నది అదే కదా.

ఆమెతో కూర్చున్నప్పుడు మూడు ప్రశ్నలు వేయకండి. ముందే ఎందుకు చెప్పలేదు, నంబరు ఎందుకిచ్చావు, బ్లాక్ చేయొచ్చు కదా. పీజీలో గైడ్ దగ్గర నంబరు లేని విద్యార్థి ఉండదు. ల్యాబ్ టైమింగ్స్, రిపోర్టులో దిద్దుబాట్లు, వైవా తేదీ, అన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. గైడ్‌ని బ్లాక్ చేస్తే ప్రాజెక్టునే బ్లాక్ చేసుకున్నట్టు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆయన ధైర్యం అంతా అక్కడే ఉంది.

‘సారోళ్లంతా ఒకటే’ అన్నారు. ఆ భయం ఊరికే రాలేదు. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కాలేజీల ఇంటర్నల్ కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, కొన్నిచోట్ల కమిటీ అంటే నోటీసు బోర్డు మీద కాగితమే. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారంటే ఆ కాగితం కొత్తగా ప్రింటవుతుంది. ఇంకొన్నిచోట్ల, మీరు నమ్మినా నమ్మకపోయినా, ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా, అంటే కమిటీ అధ్యక్షురాలిగా ఉన్న మేడమే పిల్ల పక్కన గట్టిగా నిలబడడం చూశాను. మీ అమ్మాయి కాలేజీ ఏ రకమో నాకు తెలియదు. అందుకే నోటితో చెప్పి రావడం కాకుండా సరైన చోట, సరైన కాగితం ఇవ్వాలి.

ఆ సరైన చోటు హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గది కాదు. మార్చి 8న ముగ్గుల పోటీలు పెట్టే ఉమెన్ ఎంపవర్‌మెంట్ సెల్ కూడా కాదు. ఇంటర్నల్ కంప్లయింట్స్ కమిటీ అని విడిగా ఉండాలి. ఐసీసీ అంటారు, కొందరు ఐసీ అంటారు. పని చేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల గురించి సుప్రీంకోర్టు 1997లో ‘విశాఖ’ అనే సంస్థ వేసిన కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది, 2013లో చట్టం వచ్చింది. దాన్ని విద్యార్థులకు కూడా వర్తింపజేస్తూ యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2015 నిబంధనలు తెచ్చింది. యూనివర్సిటీ అయినా దాని కింద ఉన్న కాలేజీ అయినా ఇవి పాటించాల్సిందే. కమిటీకి సీనియర్ మహిళా అధ్యాపకురాలు ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా ఉండాలి. సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. కాలేజీతో సంబంధం లేని బయటి వ్యక్తి ఒకరుండాలి. విద్యార్థుల విషయమైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, హెచ్‌ఓడీ లాంటి పదవుల్లో ఉన్నవాళ్లు సభ్యులుగా ఉండకూడదు. అంటే మీరు ఏ ‘సారోళ్ల’ గురించి భయపడుతున్నారో వాళ్లను దూరం పెట్టడానికే ఈ ఏర్పాటు. పేర్లు, ఫోన్ నంబర్లు కాలేజీలో అందరికీ కనిపించేలా పెట్టాలి. అమ్మాయి స్నేహితురాలెవరైనా హాస్టల్లో ఉంటే ఆ బోర్డు ఫొటో తీసి పంపమనండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇలాంటి ఉత్తరాలు రాసే తల్లిదండ్రులందరూ ‘వాడికి శిక్ష పడుతుందా’ అని అడుగుతారు. నన్నడిగితే దానికంటే ముందు కాలేజీని అడగాల్సింది వేరే ఉంది: మా పిల్ల చదువు ఆగకుండా మీరేం చేస్తారు? శిక్షకు నెలలు పడుతుంది, పడకపోనూ వచ్చు. చదువుకు నెలలు లేవు. విచారణ నడుస్తుండగానే కాలేజీ చేయగలిగిన పనులు యూజీసీ నిబంధనల్లో రాసి ఉన్నాయి, కానీ అడిగినవాళ్లు తక్కువ, తమంతట తాము చెప్పే కాలేజీలు ఇంకా తక్కువ.

అందులో మీ అమ్మాయికి అన్నిటికంటే అవసరమైనది ఇది: ఎవరి మీద ఫిర్యాదు చేసిందో ఆ వ్యక్తి ఆమె పనిని, పరీక్షలను, పేపర్లను దిద్దకుండా, మార్కులు వేయకుండా ఆపవచ్చు. అర్థమైందా అమ్మా? ‘ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి’ అన్న బెదిరింపును అక్కడితో తెంచేయవచ్చు. ప్రాజెక్టు ఇంకో గైడ్ కిందకి మార్చమని, ఇంటర్నల్స్ వేరే వాళ్లతో వేయించమని, వైవా బోర్డులో ఆయన ఉండకూడదని అడగాలి. ఆయనకూ అమ్మాయికీ ఎదురుపడే పని లేకుండా ఇద్దరిలో ఒకరిని వేరే చోటికి మార్చమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ‘అమ్మాయినే మార్చేస్తాం, ఆమె మంచికే’ అంటారు. తను కట్టుకున్న ప్రయోగం, వాడుకుంటున్న పరికరాలు ఆ ల్యాబ్‌లోనే ఉన్నాయంటే మార్చాల్సింది ఆయన్ని. లేదు, ఆ గది మొహమే చూడలేనని ఆమె అంటే అది వేరే సంగతి. ఏది కావాలో ఆమెనే రాయనివ్వండి.

మూడు నెలల దాకా సెలవు కూడా ఇవ్వొచ్చు, ఆమె విద్యార్థి హోదాకి, రావలసినవాటికి ఏ లోటూ లేకుండా. సంక్రాంతి నుంచి పోయిన అటెండెన్స్ గురించి మీకు టెన్షన్ ఉండి ఉంటుంది. ఆ రోజుల్ని ఈ కారణం కింద లెక్కలోకి తీసుకోమని ఫిర్యాదులోనే అడగండి. స్కాలర్‌షిప్‌కి, హాల్‌టికెట్‌కి అటెండెన్స్ అడ్డం రాకుండా చూడమని అందులోనే రాయండి. ఆయన దూరంగా ఉండాలని హెచ్చరించడం, అవసరమైతే క్యాంపస్‌లోకి రానివ్వకపోవడం, ఫిర్యాదు చేసిందని కక్ష కట్టకుండా చూడడం కూడా ఆ నిబంధనల్లోనే ఉన్నాయి. ఇవన్నీ కాలేజీ దయతో ఇచ్చేవని అనుకోకండి.

గడువు ఒకటుంది. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. వరసగా జరిగితే చివరిదాని నుంచి లెక్క. జనవరి నెలాఖరులో వచ్చిన ఆ అటెండెన్స్ మెసేజ్ కూడా ఈ వరసలోనిదే, కాబట్టి దాని తేదీ చూసి పెట్టుకోండి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచవచ్చు గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మీ ఆయన ‘పొగాకు అమ్మకాలయ్యాక చూద్దాం’ అంటే వినకండి. అమ్మకాలయ్యేసరికి గడువు దాటిపోతుంది.

పొగాకు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. వేలం కేంద్రంలో బేళ్లు అమ్మి వచ్చిన చీటీని మీ ఆయన పారేస్తాడా? డబ్బు బ్యాంకులో పడ్డా దాచుకుంటాడు. ఆ ఫోనును అలా చూడండి. ఏ మెసేజూ తీసేయొద్దు, ఎంత అసహ్యంగా ఉన్నా సరే. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన పేరు కాకుండా నంబరు కనిపించాలి, తేదీ, టైము కనిపించాలి. పేరు ఎవరిదైనా సేవ్ చేసుకోవచ్చు కదా అని అడుగుతారు, అందుకే నంబరు. వాట్సాప్‌లో ఆ చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌కి పంపుకోవచ్చు. ఆయన పెట్టి తీసేసిన మెసేజ్‌లుంటే, తొలగించినట్టు కనిపించే ఆ వాక్యం కూడా స్క్రీన్‌షాట్‌లో ఉండనివ్వండి, రాత్రి పన్నెండింటికి తీసేయాల్సినది ఏం పెట్టాడని కమిటీ అడుగుతుంది. మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయమనండి. ఫోను మార్చొద్దు, రీసెట్ కొట్టొద్దు, రిపేరు షాపులో ఇవ్వొద్దు. ఈ కేసు కోర్టు దాకా వెళ్తే స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, అసలు ఫోను కావాలి. మీ అబ్బాయికి కాళ్లు చేతులు ఊరికే ఉండకపోతే ఈ పని అప్పజెప్పండి. అక్క పక్కన కూర్చుని అన్నీ రెండు చోట్ల దాచిపెట్టమనండి. పోయి తన్నొచ్చాడంటే మరునాటి నుంచి కాలేజీలో చర్చ ఆ సారు మెసేజ్‌ల గురించి ఉండదు, మీ వాడి మీద పెట్టిన కేసు గురించి ఉంటుంది. ఆ సారుకి అంతకంటే మేలు ఎవరూ చేయలేరు.

ఫోనులో లేనివి నోటుబుక్కులో రాయమనండి. సీటు గురించి అన్న మాట ఏ రోజు అన్నాడు, ఏ ప్రయోగం చేస్తుండగా, పక్కన ఎవరెవరున్నారు. గుర్తున్నంత వరకే. తేదీ గుర్తు లేకపోతే ‘దీపావళి తర్వాత వారం’ అని రాసినా తప్పు లేదు. ఊహించి తేదీ వేస్తే మాత్రం తర్వాత చిక్కు.

ఫిర్యాదు ఇంగ్లీషులో గొప్పగా ఉండాలని ఏమీ లేదు. తెలుగులో రాయొచ్చు. రాయడం కష్టమైతే ప్రిసైడింగ్ ఆఫీసరే రాయడానికి సాయం చేయాలి. ఇలా మొదలుపెడితే చాలు:

‘ప్రిసైడింగ్ ఆఫీసర్, ఇంటర్నల్ కంప్లయింట్స్ కమిటీ గారికి. నేను ఎమ్మెస్సీ రెండో సంవత్సరం విద్యార్థినిని. నా ప్రాజెక్టు గైడ్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నాకు ఇష్టం లేకపోయినా రాత్రివేళల్లో వ్యక్తిగత మెసేజ్‌లు పంపారు. ఒంటరిగా ల్యాబ్‌కి రమ్మన్నారు. వెళ్లకపోతే ఇంటర్నల్ మార్కుల పేరు చెప్పి బెదిరించారు. ఆ మెసేజ్‌ల కాపీలు జత చేస్తున్నాను. విచారణ పూర్తయ్యేలోగా నా ప్రాజెక్టు గైడ్‌ని మార్చాలని, నా పేపర్లు, వైవా, ఇంటర్నల్స్ ఆయన చేతికి వెళ్లకుండా చూడాలని, నేను రాలేకపోయిన రోజులను సెలవుగా పరిగణించాలని కోరుతున్నాను.’

తర్వాత జరిగింది జరిగినట్టు, తేదీల వరసలో. ‘నీచుడు’, ‘కామాంధుడు’ లాంటి మాటలు వద్దు. ఆ పని మెసేజ్‌లు చేస్తాయి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒక కాపీ మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర, అంటే అందినట్టు ముద్ర, వేయించుకోండి. ‘ఇక్కడ పెట్టి వెళ్లండి, చూస్తాం’ అంటే కదలొద్దు. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, కమిటీ ఈమెయిల్‌కి కూడా పెట్టండి. అమ్మాయితో మీరు వెళ్లండి, లేదా పిన్నిని పంపండి. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకి బస్సు టికెట్టు లేదు కదా, నెల్లూరు పోయిరావడానికి మీ ఆయన్ని డబ్బు అడగాల్సిన పని కూడా లేదు.

ఆ తర్వాత జరిగేది కూడా తెలుసుకోండి. ఫిర్యాదు కాపీ ఏడు రోజుల్లో ఆ సారుకు వెళ్తుంది, పది రోజుల్లో ఆయన జవాబివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. నివేదిక పది రోజుల్లో పై అధికారికి చేరాలి, ఆ అధికారి 30 రోజుల్లో చర్య తీసుకోవాలి. నచ్చకపోతే ఇరు పక్షాలూ 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. కమిటీ ముందు లాయర్లు కూర్చోరు. ఆయన ఎదురుగా చెప్పలేనని అమ్మాయి అంటే విడిగా వినమని ముందే రాసివ్వండి. ‘రుజువు కాకపోతే నీ మీదే చర్య తీసుకుంటారు’ అని ఎవరైనా భయపెడతారు, తప్పకుండా భయపెడతారు. రుజువు చేయలేకపోవడం వేరు, కావాలని అబద్ధపు ఫిర్యాదు ఇవ్వడం వేరు అని చట్టమే చెబుతోంది.

ముద్ర పడ్డాక మీ ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. కాలేజీ నుంచే కాకపోవచ్చు. మీ ఊరి వాళ్లెవరో, ఆ సారు బంధువుల బంధువులెవరో. ‘సారు పెళ్లాం పిల్లలున్నవాడు, సారీ చెబుతాడు, ఆడపిల్ల భవిష్యత్తు చూసుకోండి, గమ్మునుండండి.’ రాజీ అనేది మీ అమ్మాయి తనంతట తాను కోరితేనే. ఇంకొకరు కోరడానికి లేదు. అందులో డబ్బు ప్రస్తావన ఉండకూడదు. తెల్లకాగితం మీద సంతకం, ‘నా ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాను’ అన్న కాగితం మీద సంతకం, ఎవరు అడిగినా పెట్టొద్దు. ‘కమిటీతో మాట్లాడండి’ అని ఫోను పెట్టేయండి. ఆ ఫోన్ల తేదీలు కూడా నోటుబుక్కులోకి ఎక్కాలి.

కమిటీయే లేదంటే, లేదా కాగితం తీసుకుని కదలకపోతే? ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం, మీ కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉందో ఆ రిజిస్ట్రార్‌కి ఒక ఉత్తరం. నెల్లూరు జిల్లా కాలేజీలు ఎక్కువగా విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కింద ఉంటాయి, ఒంగోలు వైపువి ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం కింద. అమ్మాయి హాల్‌టికెట్ మీద పేరు చూడండి. యూజీసీకి కూడా రాయొచ్చు.

పోలీసుల సంగతి. కమిటీకి చెబితే పోలీసులకు చెప్పకూడదని గానీ, పోలీసులకు చెబితే కమిటీ వినదని గానీ లేదు. రెండూ పక్కపక్కనే నడుస్తాయి, ఆమె పోలీసు ఫిర్యాదు ఇస్తానంటే కాలేజీ సాయం చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపు సెక్షన్ 75, వద్దంటున్నా వెంటపడి మెసేజ్‌లు పెట్టడం సెక్షన్ 78. దీనికోసం నెల్లూరు పోనక్కర్లేదు. జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్లోనైనా రాయాలి, పొదిలిలో ఇచ్చినా తీసుకుని అక్కడికి పంపాలి. పైగా ఒక మెసేజ్ ఆమె మీ ఇంట్లో ఉండగా వచ్చింది.

మీరు ఎస్సీలమని రాశారు, ఆ సారు అన్న మాట కూడా రాశారు. దాన్ని చిన్నదిగా తీసేయకండి. ఎస్సీ మహిళ అని తెలిసి లైంగిక ఉద్దేశంతో మాటలు, చేష్టలు చేస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అది విడిగా నేరం. కులం పేరుతో అవమానించడం కూడా నేరమే, కాకపోతే అది నలుగురి ఎదుట జరిగి ఉండాలి. అందుకే ఆ రోజు ల్యాబ్‌లో ఇంకెవరున్నారన్నది ముఖ్యం. ఆ చట్టం కింద కేసు అయితే దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. కాలేజీలో కూడా వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలని యూజీసీ 2012 నిబంధనలు చెబుతున్నాయి. సీటు గురించి అన్న మాటను ఐసీసీ ఫిర్యాదులోనూ రాయండి, ఆ అధికారికీ ఒక కాపీ ఇవ్వండి.

నా సలహా అడిగితే, ఇప్పటిదాకా మెసేజ్‌లే అయితే ముందు ఐసీసీ, దానితో పాటు లాయరు సలహా. ఆడవాళ్లకు, ఎస్సీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఒంటి మీద చెయ్యి వేశాడని, ఫొటోలు పెట్టి బెదిరించాడని, వెంటపడి హాస్టల్ దాకా వచ్చాడని అమ్మాయి మెల్లగా బయటపెడితే మాత్రం ఆగొద్దు, అదే రోజు పోలీసులు. ఫొటోల బెదిరింపు అయితే సైబర్ నేరాల నంబరు 1930కి కూడా. మళ్లీ నెల్లూరు వెళ్లే ముందు ఫోనులో ఆడవాళ్ల భద్రతకు ఉన్న శక్తి యాప్ వేయించండి, 2025 మార్చి 8న మార్కాపురంలో మొదలుపెట్టింది అదే. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, ఇబ్బందుల్లో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం వాళ్లు కలుస్తారు, కౌన్సెలింగ్ నుంచి పోలీసు స్టేషన్ దాకా తోడు వస్తారు.

మీ ఆయనకి ఏం చెప్పాలో అది మీకే బాగా తెలుసు. నేనైతే ఒకటి గుర్తుచేస్తాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు కూలి చేసుకునే ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లినప్పుడు కూడా ఊళ్లో ఇదే మాట అన్నారు, ఆడాళ్లు రోడ్డెక్కితే పరువు పోతుందని. 1993లో రాష్ట్రమంతటా సారా ఆగింది. ఇవాళ ఆ ఊరి పేరు చెబితే గుర్తొచ్చేది ఆ ఆడవాళ్లే. ఇక సంబంధాల గురించి: ఐసీసీ విచారణలో ఫిర్యాదు చేసినవారి పేరు, వివరాలు బయటపెట్టడం చట్టం ఒప్పుకోదు. పేరు ఊళ్లోకి రాకుండా చూసుకోవడం అంటే ఇంట్లోవాళ్లు నోరు జాగ్రత్తగా పెట్టుకోవడం కూడా. పెళ్లిచూపులు పెట్టుకోవాలా వద్దా అన్నది ఈ గొడవ నడుస్తుండగా తేల్చకండి. భయపడి చేసే పెళ్లికి పిల్ల ఎప్పటికైనా ఈ రోజునే కారణంగా చెప్పుకుంటుంది.

తిండి, నిద్ర, ఉలిక్కిపడడం రాశారు. దాన్ని తలనొప్పి మాత్రతో సరిపెట్టకండి. మానసిక సమస్యలకు ఫోన్ సాయం చేసే టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పూట కూడా పలుకుతారు. ‘బతకడం ఎందుకు’ లాంటి మాట ఒక్కటి వినిపించినా పక్కనుంచి కదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంత చెప్పాక కూడా మీ అమ్మాయి ‘నాకు ఫిర్యాదు వద్దమ్మా, పరీక్షలు రాసి బయటపడితే చాలు’ అనవచ్చు. అంటే అననివ్వండి, అది పిరికితనం అనుకోవద్దు. అప్పుడు కూడా చదువు మాన్పించే అవసరం లేదు. ఆమెకు కాస్త నమ్మకం ఉన్న అధ్యాపకురాలు ఎవరైనా ఉంటే ఆమె ద్వారా గైడ్ మార్పు అడగవచ్చు, కారణం అంతా విప్పి చెప్పకుండానే. హాస్టల్ నచ్చకపోతే మార్చండి, కొన్నాళ్లు పిన్ని వెళ్లి తోడుండొచ్చు. ల్యాబ్‌కి ఒంటరిగా వెళ్లకుండా తోటి ప్రాజెక్టు విద్యార్థితో కలిసి టైము పెట్టుకోమనండి. గడువు తేదీ మాత్రం ఆమెకు తెలిసి ఉండాలి, మనసు మారితే చేతిలో ఎన్ని రోజులున్నాయో చూసుకోగలగాలి. ఆమె ఏ దారి పట్టినా, ఫోనులో ఉన్నవి ఇవాళ రాత్రే రెండో చోట భద్రం చేయించండి.